రెండు రోడ్లకూ ఒకే స్ప్రింగు

సండూరులో మా లారీల షెడ్డు ముందు ఆ కారు మొదటిసారి ఆగిన రోజు మా నాయన దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వంగి అడుగుభాగం చూసి, నడుం పట్టుకుని లేచాడు.

"ఎవరిది పాపా ఇది?"

"నాదే నాయనా."

"ఇంట్లో మిగతావాళ్లు యాడ కూర్చుంటారు?"

"కూర్చోరు. రెండు సీట్లే ఉండేది."

ఆయన టీ తాగడానికి వెళ్లిపోయాడు. నాకప్పటికి నలభై దాటాయి. పెళ్లీ విడాకులూ రెండూ బెంగళూరులో ముగించుకుని, మా ఖనిజం లారీలు చూసుకోవడానికి ఇంటికొచ్చి చాలాకాలమైంది. ఆ వయసులో, ఆ స్థితిలో ఒక ఆడది ఏ కారు కొనాలన్న దానిమీద చుట్టాలందరికీ ఒక అభిప్రాయం ఉంది. నేను కొన్నది మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు. పాతబడిన జపాను స్పోర్ట్స్ కారు అది. ఇంజను ముందుంటుంది, వెనక చక్రాలు తోస్తాయి. కొన్నప్పుడు తెలుపు. వారం తిరక్కుండానే మా ఊరి దుమ్ము దాన్ని ఇటుక రంగు చేసింది.

ఎందుకు కొన్నానంటే, బెంగళూరు స్నేహితురాలొకామె నన్ను ఒకసారి తమిళనాడులో ఉన్న రేస్ ట్రాక్‌కి తీసుకెళ్లింది. పందెం కాదు. రుసుము కట్టి ఎవరి కారు వాళ్లు నడుపుకునే రోజు. ఆమె కారులో నేనూ కాసేపు నడిపాను. ఎదురుగా బస్సు రాదు, గేదె అడ్డం రాదు, పక్కనుంచి ఎవడూ తొంగిచూసి నవ్వడు. మలుపు ఒక్కటే ఉంటుంది, దానికి నేను జవాబు చెప్పాలి. అన్నేళ్లలో నా తల అంత ఖాళీగా ఉన్నది ఆ కాసేపే. దిగేటప్పుడే నిశ్చయించుకున్నాను, నాకంటూ ఒక కారు కావాలని. అదే కారులో ఇంటి నుంచి ట్రాక్‌కి వెళ్లాలి, అదే కారులో ఇంటికి రావాలి.

చిక్కంతా ఆ చివరి మాట దగ్గరే వచ్చింది.

బెంగళూరులో ఇలాంటి కార్లను సరిచేసే గ్యారేజీ ఒకటుంది. దాని యజమాని కోలారు వైపు మనిషి, మంచి పనివాడని పేరు. నా కారును పైకెత్తి, కింద లైటు పట్టుకుని చూసి అడిగాడు.

"స్ట్రీటా, ట్రాకా? ఏదో ఒకటి చెప్పండి మేడమ్."

"రెండూ."

"రెండూ అంటే రెండూ హాళాగ్తాయి, దేనికీ పనికిరాకుండా పోతాయి. గట్టి స్ప్రింగులు వేసి కిందికి దించేస్తాను. ట్రాక్ రోజు ట్రైలర్ మీద తెచ్చుకోండి. ఊళ్లో తిరిగేదానికి ఇంకో కారు ఉంటుంది కదా?"

ట్రైలర్ అన్న మాట నాకు నచ్చలేదు. మా ఇంట్లో బండ్లు సరుకు మోస్తాయి. బండినే సరుకు చేసి ఇంకో బండి మీద మోయించడం నాకు మనసొప్పదు. కానీ స్ప్రింగుల సంగతిలో ఆయనకు తెలిసినంత నాకు తెలియదు కదా అనుకుని, వేయమన్నాను. కారు నేలకు బెత్తెడు ఎత్తుకు దిగింది. చూడ్డానికి ఎంత అందంగా ఉందంటే, గ్యారేజీ కుర్రాళ్లంతా ఫోటోలు తీసుకున్నారు. యజమాని తన గ్యారేజీ స్టిక్కరు వెనకద్దానికి స్వయంగా అతికించాడు.

హైవే మీద కూడ్లిగి దాకా బాగానే వచ్చాను. అక్కడ హైవే దిగి సండూరు దారి పట్టాక కారు నన్ను ఎత్తి కుదేయడం మొదలుపెట్టింది. ప్రతి గుంతకూ చక్రం గాల్లోకి లేస్తోంది. స్ప్రింగుకు అణిగే చోటు లేక లోపలి రబ్బరు దిమ్మ మీద ధడేల్మని కొడుతోంది. బ్రేకు వేస్తే చక్రం నేల మీద లేని క్షణంలో బ్రేకే లేదు. స్టీరింగు పట్టుకున్న వేళ్లు తిమ్మిరెక్కాయి.

ఆ ఆదివారమే చోరనూరులో మా మేనత్త ఇంట్లో ఒక నామకరణం. మా అత్త నన్ను చిన్నప్పటి నుంచీ సాకిన మనిషి, నా మీద అందరికంటే ఎక్కువ కోప్పడే హక్కు కూడా ఆమెదే. ఆమె వీధి మొదట్లో ఊరివాళ్లే సిమెంటు పోసి కట్టుకున్న హంపు ఒకటుంది. ముందు చక్రాలు దాటాయి. తర్వాత కారు కడుపు హంపు మీద కూర్చుంది. ముందుకు పోదు, వెనక్కి రాదు. వెనక బస్సు హారను ఆపకుండా మోగిస్తోంది. నామకరణానికి వచ్చిన బంధువులంతా అరుగుల మీదికి వచ్చి నిలబడ్డారు. చివరికి పట్టుచీరలోనే దిగి, నలుగురు మగవాళ్లతో పాటు నేనూ చెయ్యేసి కారును లేపాను. ఇంజను కింది నూనె తొట్టి గీసుకుపోయి చుక్కలు చుక్కలుగా కారుతోంది.

అత్త మెట్ల మీద నుంచే అందుకుంది. "ఏందే ఇది? మనిషి కూర్చునేదానికి చోటు లేదు, హంపు దాటేదానికి శక్తి లేదు. ఇట్లాటిది ఎవురన్నా కొంటారా? అమ్మేయి. సుమ్నె, మారుమాట లేకుండా అమ్మేసి ఒక మంచి కారు తెచ్చుకో."

"అమ్మను అత్తా."

"ఊరంతా నవ్వుతాండారు."

"నవ్వనీ. కారుదేం తప్పు లేదు. వేసిన స్ప్రింగులు తప్పు."

అందరి ముందూ గట్టిగానే అన్నాను. ఆ మాటతోనే నాకు ఖాళీ లారీ గుర్తొచ్చింది.

మా లారీలు ఖనిజం నింపుకుని వెళ్లేటప్పుడు బుద్ధిగా, రోడ్డును కరుచుకుని పోతాయి. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు వాటి కమాన్ పట్టీలకు, అంటే లారీ స్ప్రింగులకు, అణగడానికి బరువుండదు. వెనక చక్రాలు ఎగిరెగిరి పడతాయి, బ్రేకు వేస్తే బండి పక్కకు జారుతుంది. చిన్నప్పుడు నాయన పక్కన కూర్చుని వెళ్లినప్పటి నుంచీ ఇది నాకు తెలుసు. గట్టిగా ఉన్నంత మాత్రాన పట్టు ఉన్నట్టు కాదు. చక్రం నేల మీద ఉంటేనే బ్రేకు, నేల మీద ఉంటేనే మలుపు. ట్రాక్ అయినా అంతే, మా లారీలు తిరిగే తోరణగల్లు రోడ్డయినా అంతే.

మళ్లీ బెంగళూరు వెళ్లాను. గ్యారేజీ యజమానికి నాకేం కావాలో చెప్పాను. స్ప్రింగులు కంపెనీవాటి కంటే కొంచెమే గట్టిగా ఉండాలి. షాక్ అబ్జార్బర్లు మాత్రం మంచివి, పొడవైనవి, చక్రం కిందికీ పైకీ బాగా కదలనిచ్చేవి కావాలి. వాటి తల మీద తిప్పుకునే మర ఉండాలి, రోడ్డుకు మెత్తన చేసుకుని ట్రాక్‌లో బిగించుకునేలా. ఎత్తు దాదాపు మొదట ఉన్నంతే ఉంచాలి. మలుపులో కారు మరీ ఒరగకుండా ముందువైపు అడ్డకడ్డీ ఒకటి లావుది వేస్తే చాలు.

ఆయన చేతులు తుడుచుకుంటూ అంతా విన్నాడు.

"ఇది స్పోర్ట్స్ కారు మేడమ్, లారీ కాదు. ఇంత ఎత్తులో పెడితే ట్రాక్‌లో నగుతారు."

"నవ్వితే నన్ను చూసి నవ్వుతారు. మీకేం?"

"నా పేరు చెడుతుంది. కావాలంటే సామాను తెప్పిస్తాను. ఫిట్టింగ్ నేను చెయ్యను."

"సరే. సామాను ఇవ్వండి."

నేను కారెక్కేలోపు ఆయన బ్లేడు తెచ్చి వెనకద్దం మీది స్టిక్కరు గీకేశాడు. అవమానించాలనే చేశాడు. నేను అద్దంలో చూస్తూ కూర్చున్నాను. అది పూర్తిగా ఊడిపోయేదాకా ఆగి, అప్పుడు బండి తీశాను.

సామాను వచ్చాక మా షెడ్డులోనే పని పెట్టుకున్నాను. లారీ మెకానిక్కులు ఇద్దరున్నా వాళ్లను పిలవలేదు. తప్పయితే నాదే కావాలి, ఒప్పయినా నాదే కావాలి. నాయన కుర్చీ వేసుకుని దూరంగా కూర్చున్నాడు. చూస్తున్నట్టు కాదు, పేపరు చదువుతున్నట్టు. చక్రాలు విప్పేదాకా పేపరు దించలేదు. స్ప్రింగును అణిచిపెట్టే బిగింపు మరలు తగిలించి తిప్పుతుంటే మాత్రం పేపరు కింద పడింది.

"మొగం పక్కకు తీయి! ఎదురుగా నిలబడొద్దు!"

వచ్చి నన్ను భుజం పట్టి లాగాడు. ఆయన కుడిచెయ్యి ఉంగరం వేలు సగమే ఉంటుంది. కమాన్ పట్టీ తెగి కొట్టిన దెబ్బ అది. ఒక మర ఎక్కువా ఒకటి తక్కువా తిప్పాను నేను. రెండూ సమం చేసేదాకా స్ప్రింగు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"నాకు ఈ కారు నచ్చలా. ఆ మాట ఇప్పుడూ అంటాండా," అన్నాడు.

"అను."

"అంటూనే ఉంటా. నువ్వు ఆ పక్కది కూడా సమంగా తిప్పు."

ఆ వారమంతా పొద్దున్నే కూరెకుప్ప దాకా వెళ్లి రావడమే నా పని. రోడ్డు పక్కన ఆపి, బానెట్ ఎత్తి మరలు కొంచెం తిప్పడం, మళ్లీ అదే గుంతల మీదుగా పోవడం. మెత్తన ఎక్కువైతే కారు పడవలా ఊగుతుంది. బిగువు ఎక్కువైతే పాత కథే. రెంటికీ మధ్య ఒక చోట కారు ఒక్కసారి అణిగి, ఒక్కసారి లేచి, ఊరుకుంటుంది. అది దొరికిన పొద్దున ఎదురొచ్చే టిప్పరు డ్రైవరు ఆపి, తల బయట పెట్టి అడిగాడు. "ఏమైందక్కా, కారు కెట్టిందా?"

"లేదప్పా, బాగైంది!" అన్నాను. అతనికేం అర్థమైందో గానీ హారను కొట్టి పోయాడు. అదే ఊపులో చోరనూరు వెళ్లి, అత్త వీధి హంపు ఎక్కి దిగి, ఆమె ఇంటి ముందు ఆపి కాఫీ తాగి వచ్చాను. కాఫీ ఇచ్చింది గానీ కారు గురించి అత్త ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఆమెకు ఎంత కష్టమో నాకు తెలుసు.

ట్రాక్ రోజుకు ముందురోజు తెల్లవారుతుండగా బయల్దేరి, సాయంత్రానికి అక్కడికి చేరాను. మర్నాడు ఉదయం చూస్తే అరడజను కార్లు ట్రైలర్ల మీద నుంచి దిగుతున్నాయి. అందులో కొన్ని మా గ్యారేజీ యజమాని చేతిలో తయారైనవే. ఆయనా వచ్చాడు. ఆయన కస్టమరొకడు, గడ్డం చక్కగా దిద్దుకున్న కుర్రాడు, నా కారు చక్రానికీ బాడీకీ మధ్య సందులో పిడికిలి పెట్టి చూపించాడు.

"ఆంటీ, ఇది పొలానికి పోయే బండి కదా?"

"పొలానికీ పోతుంది, ఇక్కడికీ వచ్చింది. నీది నీ అంతట ఇక్కడిదాకా వచ్చిందా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అతను కూడా నవ్వి పిడికిలి తీశాడు.

మొదటి విడతలో నా కారు మలుపుల్లో ఒరిగింది, ముందు భాగం బయటికి జారిపోయింది. ఆ సంగతి దాచను. వచ్చి షాకుల మరలు బిగించాను, టైర్లు వేడెక్కి గాలి పెరిగిందని చూసి తగ్గించాను. రెండో విడతలో కారు మాట విన్నది. పొడవాటి కుడి మలుపులో గట్టి స్ప్రింగుల కార్లు నన్ను తేలిగ్గా దాటిపోయాయి, దాటనిచ్చాను. కానీ నేరుదారి చివర, గట్టిగా బ్రేకు వేయాల్సిన చోట, నేల కొంచెం గతుకుగా ఉంది. అక్కడ వాళ్ల కార్లు వణుకుతూ గంతులేస్తున్నాయి, ముందుగానే బ్రేకు వేస్తున్నారు. నాది నేలను కరుచుకుని ఉంది. పోయినసారి కంటే ఆలస్యంగా వేశాను బ్రేకు. ఆ తర్వాతిసారి ఇంకా ఆలస్యంగా. ఆ గడ్డం కుర్రాడి కారు నా ముందే తోక ఆడించింది. మరుసటి చుట్టులో అతను చెయ్యి బయట పెట్టి దారి ఇచ్చాడు. దాటేటప్పుడు హెల్మెట్ లోపల నేనేదో అరిచాను. రాయడానికి వీల్లేని మాట.

దిగాక గ్యారేజీ యజమాని వచ్చి నా ముందు చక్రం దగ్గర కూర్చుని, టైరు అరుగుదల వేలితో తడిమి చూశాడు.

"బ్రేకింగ్ బాగుంది మేడమ్. సుళ్లు చెప్పను, అబద్ధమెందుకు. కానీ ఆ పెద్ద మలుపులో సెకన్లు పోతున్నాయి. నా స్ప్రింగులు ఉంటే వచ్చేవి."

"ఆ సెకన్లు మీ దగ్గరే ఉండనీయండి. నాకు ఇంటికి పోయే దారి కావాలి."

ఆయన తలూపాడు. ఒప్పుకున్నాడని నేననుకోలేదు, ఒప్పుకోవాలని అడగనూ లేదు. మరలు మెత్తగా తిప్పుకుని, టైర్లలో గాలి నింపుకుని బయల్దేరాను. ట్రైలర్లకు కార్లు ఎక్కించే పని ఇంకా సాగుతూనే ఉంది.

నెల తిరిగాక ఒక గనుల కాంట్రాక్టరు కారు కొంటానని షెడ్డుకొచ్చాడు. అత్తే పంపించిందని తర్వాత తెలిసింది. నేను లోపల ఫోనులో ఉన్నాను. కిటికీలోంచి నాయన గొంతు వినపడింది.

"కారు నాది కాదప్పా. నన్ను అడిగితే నేనెట్ల చెప్పేది? ఆయమ్మను అడుగు."

అతను లోపలికొచ్చి, కూర్చోకుండానే అడిగాడు. "ఈ వయసులో మీకెందుకమ్మా ఈ కారు? ఏం చేస్తారు?"

"నడుపుతాను," అన్నాను.

నేను ఫోను మళ్లీ చెవికి పెట్టుకున్నాను.

ఇప్పటికీ నడుపుతున్నాను. మా నాయన ఇప్పటికీ దాన్ని మెచ్చుకోడు. కుడివైపు ముందు షాక్‌లోంచి నూనె చెమ్మ వస్తోందని మొన్న ఆయనే చెప్పాడు. నేను గమనించలేదు. కొత్తది తెప్పించాను, రేపు విప్పుతాను. వచ్చే ట్రాక్ రోజు వానాకాలంలో పడింది. తడి నేల మీద గట్టి స్ప్రింగులు ఏం చేస్తాయో చూడాలని ఉంది.