గాలయ్య పన్ను పీకించుకున్న రోజు

ముందుగా ఒక గరగర వినిపిస్తుంది. రేవు స్తంభం మీది లౌడ్‌స్పీకరు నిద్ర లేచిన చప్పుడు అది. ఆపైన ఎవరో గుక్కెడు నీళ్లు మింగుతారు. తర్వాత చిన్న దగ్గు. ఆ దగ్గుకి వలలు కుట్టే చేతులు ఆగిపోతాయి. బుట్టల మీద నీళ్లు చల్లే ఆడవాళ్లు తలలెత్తుతారు. మధ్యాహ్నపు ఎండ కూడా కాసేపు కదలకుండా నీళ్ల మీద కూర్చున్నట్టుంటుంది.

"సముద్ర వాతావరణ విశేషాలు. ఉత్తర భాగంలో..."

ఆ దగ్గు గలాయన్ని రేవంతా గాలయ్య అంటుంది. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఇంకేదో ఉంది గానీ అది జీతం రోజున తప్ప బయటికి రాదు. రేవు ఆఫీసు మేడ మీద ఆయన గది. అందులో ఒక మైకు, ఒక కంప్యూటరు, సముద్రం వైపు ఒక కిటికీ. వాతావరణ కేంద్రం నుంచి రోజూ సముద్రం మూడు ముక్కలై ఆ కంప్యూటరులోకి వస్తుంది. ఉత్తర భాగం, మధ్య భాగం, దక్షిణ భాగం. ఎక్కడ గాలి ఎంత, అల ఎంతెత్తు అన్నది రాసి ఉంటుంది. పక్కనే మబ్బుల బొమ్మ ఉంటుంది. చదివి వినిపించడం గాలయ్య పని. ఆయన ఎన్నడూ పడవెక్కి ఎరగడు. ఎక్కమంటే, "నేల మీదే నాకు తల తిరుగుతుంది, నీళ్ల మీద ఏం మిగులుతుంది" అంటాడు.

రేవులో ఒక రివాజు ఉంది. గాలయ్య చదివే మాటలు ఎవరూ వినరు. కేంద్రం వాళ్లు సముద్రం ఆవులించినా హెచ్చరిక పంపిస్తారు. ఆ హెచ్చరికలన్నీ నమ్మితే పడవల్లో కోళ్లు పెంచుకోవాల్సిందే. అందుకని అందరూ ఆయన గొంతు వింటారు. గాలయ్య పుట్టు పిరికివాడు. మబ్బుల బొమ్మలో సుడి కనిపిస్తే చాలు, ఆయన గొంతు తీగలా వణుకుతుంది. వణికిందా, తాళ్లు బిగుస్తాయి. వణకలేదా, ఇంజన్లు మోగుతాయి. కొన్నేళ్లుగా రేవు మొత్తం ఆయన భయం మీదే బతుకుతోంది. ఈ సంగతి ఆయనకి తప్ప అందరికీ తెలుసు.

అలాంటి గాలయ్యకి ఒకరోజు పన్ను పోటు పట్టుకుంది.

ఆ రోజు సముద్రం ఇస్త్రీ చేసిన దుప్పటిలా ఉంది. కేంద్రం కూడా చెప్పడానికేమీ దొరక్క రెండు వాక్యాలతో సరిపెట్టింది. గాలయ్య దవడ పట్టుకుని, పళ్ల సందుల్లోంచి గాలి పీలుస్తూ చదివాడు. "మధ్య భాగంలో... స్స్... ప్రశాంతంగా... అమ్మా... ఉంటుంది."

రేవులో ఒక్క పడవ కదల్లేదు. నీళ్లు మాత్రం సాయంత్రం దాకా వాళ్ల ఎదుటే తళతళలాడుతూ వెక్కిరించాయి.

ఐసు ఫ్యాక్టరీలో తూకం దగ్గర కూర్చునేది గాలయ్య భార్య. పడవలు కదలక, కొనేవాడు లేక ఐసు దిమ్మలు ఆవిడ కళ్లముందే కన్నీళ్లు కార్చాయి. ఇంటికొస్తూనే ఒంటికాలి మీద లేచింది.

"పన్ను నొప్పయితే నొప్పని చెప్పి చదవచ్చుగా?"

"వాతావరణంలో నా పన్ను సంగతి ఎలా చెప్పనే?"

"చెప్పకపోతే మానె. ఊరంతా నీ పంటికి దడుచుకుని కూర్చుంది."

అప్పుడు తెలిసింది గాలయ్యకి, రేవు ఇన్నాళ్లూ దేన్ని వింటోందో. సిగ్గూ గర్వమూ ఒకేసారి ముంచుకొచ్చాయి. రెంటికీ మధ్య పన్ను సలిపింది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ ఆయన్ని పళ్ల డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. డాక్టరు సూది గుచ్చి, పన్ను పీకి, చేతికిచ్చాడు. గాలయ్య మొహం సగం మొద్దుబారింది. ఆ మొహంతోనే డ్యూటీకి వెళ్లి కంప్యూటరు తెరిచాడు.

మబ్బుల బొమ్మలో, మధ్య భాగంలో, పాలలో వేలు పెట్టి తిప్పినట్టు తెల్లటి సుడి. రాత్రికి రాత్రే పుట్టిన అల్పపీడనం వాయుగుండమయింది, సాయంత్రానికి రేవు మీదికొస్తుంది, ఎవరూ వేటకి వెళ్లకూడదు. గాలయ్య కాళ్లలో వణుకు పుట్టింది. పొట్టలోకి పాకింది. గొంతు దాకా వచ్చి, అక్కడ సూది మందు కాపలా కాస్తుంటే ఆగిపోయింది.

ఆయన చదివాడు. నాలుక మెత్తగా, బరువుగా, జోలపాట పాడుతున్నట్టు కదిలింది. "భీకరమైన గాలులు" అన్నది పిల్లని నిద్రపుచ్చుతున్నట్టు పలికింది.

కింద ఎవరో అన్నారు, "గాలయ్య హాయిగా ఉన్నాడ్రోయ్. పదండి."

ఇంజన్లు ఒకటొకటే మొదలయ్యాయి. గాలయ్య మళ్లీ చదివాడు. ఇంకా తియ్యగా వచ్చింది. ఫోను తీసి బావమరిదికి చేశాడు. అతనిదే అన్నిటికన్నా ముందున్న పడవ.

"ఒరేయ్, వెళ్లకు. తుపాను."

"బావా, నిన్న నువ్వు ఏడిస్తే సముద్రం నవ్వింది. ఇవాళ నువ్వు తాంబూలం వేసుకున్నట్టు మాట్లాడుతున్నావు. నిన్నటి నష్టం ఎవరు పూడుస్తారు? పెట్టెయ్."

అంతలో మెట్ల మీద అడుగులు. భార్య వచ్చింది, ఐసు జోరుగా అమ్ముడవుతోందన్న సంతోషం మొహం నిండా పూసుకుని. మొగుణ్ణి చూసి గుమ్మంలోనే ఆగింది. ఆయన మొహంలో ఒక సగం నిద్రపోతోంది. రెండో సగం చెమటలు కక్కుతోంది.

"ఏమైంది?"

ఆయన బొమ్మలో సుడిని వేలితో చూపించాడు. తర్వాత కిటికీలోంచి ఆవిడ తమ్ముడి పడవని చూపించాడు. వేలు వణికిపోతోంది.

ఆవిడ మైకు లాక్కుంది. ఉత్తర భాగమూ లేదు, దక్షిణ భాగమూ లేదు.

"ఒరేయ్ తమ్ముడూ, ఇంజను ఆపు. మీ బావకి పన్ను పీకారు, గొంతు మొద్దుబారింది. మనిషి మాత్రం ఆకులా వణికిపోతున్నాడు, నేను కళ్లారా చూస్తున్నా. వినేవాళ్లంతా వినండి. ఇవాళ పడవ కదిలిందా, ఇంక ఈ జన్మలో మీకు ఐసు ముక్క తూచను."

ముందు పడవ వెనక్కి తిరిగింది. దాని వెనకే మిగతావి, బడిలో మందలింపు తిన్న పిల్లల్లా.

సాయంత్రం ఆకాశం నల్లగా వంగి నీళ్లలో మొహం చూసుకుంది. ఆ తర్వాత గాలి వచ్చింది. ఐసు ఫ్యాక్టరీ రేకులు పక్షుల్లా లేచిపోయాయి. పడవలు ఒకదాన్నొకటి మోచేతులతో పొడుచుకున్నాయి గానీ తాళ్లు వదల్లేదు. మనుషులంతా ఇళ్లలో ఉన్నారు. బావమరిది గాలయ్య ఇంట్లోనే, అక్క పెట్టే చీవాట్లు తింటూ కూర్చున్నాడు. "తుపానే నయం బావా" అన్నాడు చెవిలో. తిమ్మిరి వదిలి అప్పుడే గొంతులోకి దిగిన వణుకుతో గాలయ్య అవునన్నాడు.

పరాయి మనిషి మైకు ముట్టుకుందని ఆఫీసరు కేకలేశాడు. ఆ కేకలు కూడా సగంలో ఆపాడు, ఆయన తోడల్లుడిది కూడా ఆ రేవులోనే పడవ.

ఈ సంగతులన్నీ రాసుకోవడానికి పేపరు నుంచి ఒకావిడ వచ్చింది. గాలయ్య ఆమెని మెట్ల దాకా సాగనంపాడు. ఇన్ని ప్రాణాలు కాపాడిన ధీరుడు అని రాస్తానందామె. గాలయ్య మొహం పాలిపోయింది. కిటికీ వైపు, కింద ఆడుతున్న పడవల వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"అంత పని చెయ్యకండమ్మా. నేను ధైర్యవంతుణ్ణని వీళ్లు చదివారంటే, రేపు నేనెంత వణికినా పడవ కట్టేసేవాడు ఉండడు. పిరికివాడనే రాయండి."