ముళ్లచెట్టుకు కట్టిన మేజోడు

దెయ్యం కథలు మొదలవగానే లేచి పక్కగదిలోకి వెళ్లిపోయే రకాన్ని నేను. కొలతకు అందనిది లేనట్టే అనుకునేవాణ్ణి. ఇప్పుడూ ఏదో చూశానని చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

లీసెస్టర్‌లో మాస్టర్స్ అయ్యాక ఒక సర్వే కంపెనీలో చేరాను. పోయిన వసంతంలో నార్తర్న్ ఐర్లండ్ పంపారు. పక్కపక్క పల్లెల్లో పాడుబడిన మధ్యయుగపు చర్చిలు మూడు. వాటిని లేజర్ స్కానర్‌తో కొలవాలి. నాతో వచ్చినవాడు మా ఆఫీసులోనే పనిచేసే కరీంనగర్ శ్రావణ్. మేం అడుగుపెడితే అక్కడి కెఫేలో మాటలు ఆగిపోయేవి. అక్కడున్న మూడు రోజుల్లో ఒక్కరూ మా పేరు అడగలేదు.

మూడో చర్చి గోడ పక్కన ఒక ఊటబావి, దాని మీదికి వంగిన ముళ్లచెట్టు. కొమ్మల నిండా గుడ్డపీలికలు. జబ్బుపడ్డవాళ్లు తమ గుడ్డ కట్టిపోతే, అది చీకిపోయేకొద్దీ జబ్బు తగ్గుతుందని, విప్పినవాడికి ఆ జబ్బు అంటుకుంటుందని అక్కడి నమ్మకం. ఇది తర్వాత తెలిసింది. అప్పుడు నాకు కనిపించింది ఒకటే: చిన్నపిల్ల మేజోడు ఒకటి స్కానర్‌కూ చర్చి కిటికీకీ మధ్య అడ్డంగా వేలాడుతోంది.

"ముట్టకే అన్నా, ముడుపు లెక్కున్నది," అన్నాడు శ్రావణ్.

"పది నిమిషాలు. మీ దేవుడు ఓపిక పడతాడులే," అని విప్పి జేబులో వేసుకున్నాను. తిరిగి కట్టడం మరిచిపోయాను.

మర్నాడు ఎడమ మడమ నేలకు ఆనలేదు. దెబ్బ లేదు, వాపు లేదు. జీపీ, అంటే మా పేట డాక్టరు, చూశాడు. ఎక్స్‌రే, ఎమ్మారై, నరాల పరీక్ష, అన్నీ నార్మల్. ఆరు వారాలైనా అంతే. నడవలేకపోతే ఫీల్డ్ పని లేదు, పని లేకపోతే వీసా లేదు.

శ్రావణ్ పోరు పడలేక, మేజోడు తీసుకుని వాడితోపాటే మళ్లీ వెళ్లాను. బావి ఎదురింటి ముసలావిడ బయటికొచ్చి దారికి అడ్డంగా నిలబడింది. నా చేతిలోది చూడగానే గుర్తుపట్టింది.

"అది నా మనవరాలిది. పుట్టిన దగ్గర్నుంచీ దాని ఎడమ మడమ ఆనేది కాదు. మీరు వెళ్లిన మర్నాడు లేచి చక్కగా నడిచింది." నా కాలి వంక చూసింది. ఆ చూపులో జాలి లేదు. "చెట్టుకు తిరిగి కట్టుకో. కట్టి, నీ మడమ మళ్లీ ఆనదని నా గుమ్మంలోకొచ్చి దానికి నువ్వే చెప్పు."

ఆమె వెనక, పెరట్లో, ఐదారేళ్ల పిల్ల కోడిపెట్టను తరుముతోంది.

"కట్టెయ్యన్నా, వీసా పోతది," అన్నాడు శ్రావణ్ మెల్లగా.

కట్టలేదు.

ఇది రాస్తున్నప్పుడు కూడా మడమ ఆనడం లేదు. ఎందుకో ఏ డాక్టరూ చెప్పలేదు. నమ్మకమే లేనివాణ్ణి, ఒక గుడ్డముక్క కట్టడానికి ఎందుకు భయపడ్డానో నేనూ చెప్పలేను.