సీలేసిన దాణా గది

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో ఎవరైనా కిసుక్కుమంటే లేచి వెళ్ళిపోతాను, ముందే చెప్తున్నా. ఇది నాకు జరిగింది. మా ఆయన మీద ఒట్టేస్తే మీరు నమ్మరు, ఆయనతో నాకు రోజూ గొడవే అని మీకు తెలుసు. అందుకే నా ఖాకీ చొక్కా మీద ఒట్టు. ఆ చొక్కా కోసం ఎండలో పరిగెత్తి కాళ్ళు బొబ్బలెక్కినదాన్ని. దాని మీద అబద్ధం ఆడను.

నేను హోంగార్డుని. పిరికిదాన్ని కాదు. శ్మశానం గోడ పక్కన డ్యూటీ చేశాను. బావిలోంచి తీసిన శవానికి కాపలా కూర్చుని, ఆకలేస్తే అక్కడే చిత్రాన్నం తిన్నాను. అలాంటి నాకు గుర్రాల దగ్గర చెమటలు పట్టాయి. గుర్రాల వల్ల కాదు... చెప్తాను, ఉండండి.

కంబదూరు దాటాక గుట్టల వెనకాల ఒక గుర్రాల ఫారం ఉండేది. బెంగళూరులో డబ్బున్నవాళ్ళు సరదాకి గుర్రాలు కొంటారు. అక్కడ కట్టేసుకోవడానికి జాగా ఉండదు కదా, నెలనెలా ఇంత అని కట్టి ఇలాంటి ఫారాల్లో వదులుతారు, పిల్లల్ని హాస్టల్లో వేసినట్టు. మోజు తీరాక చూడటానికి కూడా రారు. ఈ ఫారం యజమాని అది కనిపెట్టాడు. డబ్బులు తీసుకుంటూనే దాణా ఆపేశాడు. కంచె అవతల గుడిసె వేసుకుని మేకలు కాసుకునే ఈరమ్మ అనే ముసలామె మా స్టేషనుకొచ్చి రచ్చ రచ్చ చేస్తే గానీ ఎవరికీ తెలియలేదు.

మేం వెళ్ళి చూస్తే... తోళ్ళు కప్పిన ఎముకలు. ఆకలికి కొయ్య గుంజల్ని కొరికేశాయి, నోరు అందినంత మేర. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు. ఇక్కడ గుర్రాలకు కళ్ళు బాగానే ఉన్నాయి, దాణాయే లేదు. మేం లోపలికి రాగానే అన్నీ తలలెత్తి మా చేతుల వైపు చూశాయి. ముఖాల వైపు కాదు, చేతుల వైపు. నాకు ఏడుపొచ్చింది.

ఎస్సై సారు కేసు రాసి గుర్రాలన్నిటినీ స్వాధీనం చేసుకున్నారు. దాణా గది తెరిచి చూస్తే ఖాళీ గోనెసంచులు, గోడ కొయ్యకు తగిలించిన ఒక ఇనుప బకెట్... అంతే. ఆ గదికి తాళం వేసి, గుడ్డ చుట్టి, లక్క సీలు కొట్టారు. గుర్రాల్ని తీసుకుపోయే లారీ తెల్లారితే గానీ రాదు. నాతో ఉండాల్సిన కానిస్టేబుల్‌ని జాతర బందోబస్తుకు పిలిచారు. రాత్రి కాపలా నేనొక్కదాన్నే.

వెళ్ళేముందు పశువుల డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. ఒక ఎర్ర గుర్రం, నుదుట తెల్ల మచ్చది, నేల మీద పడి ఉంది. సెలైన్ ఎక్కించినా లేవలేదు.

"పద్మా, ఎవరు ఏ గింజ తెచ్చినా పెట్టనివ్వకు. ఇన్నాళ్ళు మాడిన కడుపు, ఒక్కసారిగా గింజ పడితే తట్టుకోలేదు, చచ్చిపోతాయి. తడిపిన ఎండుగడ్డి కొంచెం కొంచెం పెట్టు. ఇంకొకటి... ఇది లేవాలి. లేచి నిలబడితే బతుకుతుంది. రాత్రంతా ఇలాగే పడి ఉంటే దాని బరువే దాన్ని చంపుతుంది."

"లేపేదెట్లా మేడం?"

"మనం లేపలేం. లేవాలని దానికే అనిపించాలి," అంది డాక్టరమ్మ. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు.

పొద్దు వాలేసరికి జనం మొదలయ్యారు. పాపం, ప్రేమతోనే. ఒకరు బెల్లం, ఒకరు రొట్టెలు. అందరినీ లాఠీ చూపించి వెనక్కి పంపించాను. చివరికి ఈరమ్మ వచ్చింది, సత్తు గిన్నె కొంగుతో పట్టుకుని. గిన్నె నిండా ఉడకబెట్టిన ఉలవ గుగ్గిళ్ళు. ఆవిరి పైకి లేస్తోంది. ఆ వాసనకి గుర్రాలన్నీ ఒక్కసారి కదిలాయి.

"పెట్టకూడదు ఈరమ్మా. తింటే సస్తాయంట."

"తిని సచ్చేది యాడన్నా ఉండాదా? తినకనే గదా ఇట్లయినాయి! నువ్వు ఆడదానివేనా? ఆకలైనదానికి అడ్డం పడతావా?"

"డాక్టరమ్మ చెప్పిందమ్మా, నా మాట ఇను."

చాలాసేపు తిట్టింది. నన్ను, మా ఎస్సైని, ప్రభుత్వాన్ని... ఎవర్నీ వదల్లేదు. తర్వాత కంచె దగ్గర కూలబడి ఏడ్చింది. పడి ఉన్న ఎర్ర గుర్రాన్ని చూపించి, "దాని పేరు బంగారి. మస్తానన్న పెట్టినాడు," అంది. మస్తాన్ అంటే ఆ ఫారంలో గుర్రాల్ని చూసుకున్న ముసలాయన. దాణా తగ్గించినప్పుడు యజమానితో కొట్లాటకు దిగాడట. పని నుంచి వెళ్ళగొడితే కణేకల్‌లో ఉన్న చెల్లెలింటికి పోయాడట. "పోయేనాడు గుర్రాల మెడలు పట్టుకోని పసిపిల్లోని మాదిరి ఏడ్చినాడమ్మా," అంది ఈరమ్మ.

తర్వాత నా వైపు చూసి, "వాటికి పెట్టకుంటే నువ్వన్నా తిను. మొగమంతా పీక్కపోయుండాది," అని గుగ్గిళ్ళు నా చేతుల్లో పోసింది. ఇంతసేపూ నన్ను తిట్టిన నోటితోనే. గుర్రాల కంట పడకుండా షెడ్డు వెనక్కి పోయి తిన్నాను. మిగిలినవి ఆమె ఇంటికి తీసుకుపోయింది. ఇది గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

రాత్రయింది. గుట్టల మీద గాలిమరలు తిరుగుతున్నాయి... వుష్... వుష్... వుష్... వాటి నెత్తిన ఎర్ర దీపాలు వెలుగుతూ ఆరుతూ. మా పక్క గాలికి కొదవేముంది, వాన ఒక్కటే కరువు. నేను బంగారి తల దగ్గర కూర్చున్నాను. చెవి పట్టుకుంటే చల్లగా ఉంది. దానితో ఏవేవో మాట్లాడాను. మా పాప చదువు, మా ఆయన గురక, అన్నీ చెప్పాను. "లేయమ్మా, లేసి నిలబడు. నీకేం కావాలన్నా పెట్టిస్తా," అన్నాను. అది కన్ను మాత్రం తిప్పి నన్ను చూసింది. ఊపిరి తీసి వదిలేటప్పుడు దాని ముక్కు ముందర దుమ్ము కొంచెంగా లేచేది. నేను ఆ దుమ్మునే చూస్తూ కూర్చున్నాను. అది లేచినంతసేపూ ప్రాణం ఉన్నట్టు.

కాసేపటికి ఆ దుమ్ము లేవడం కూడా తగ్గింది.

అప్పుడు... గాలి ఆగిపోయింది.

మామూలుగా ఆగడం కాదు. గాలిమరల రెక్కలు నిలబడిపోయాయి. ఎక్కడా ఒక్క చప్పుడు లేదు. కీచురాళ్ళు కూడా లేవు.

వాసన వచ్చింది.

ఉలవ గుగ్గిళ్ళ వాసన. అప్పుడే దించినట్టు... వేడిగా.

ఈ ముసల్ది మళ్ళీ వచ్చిందనుకున్నాను. "ఈరమ్మా! పెట్టద్దని చెప్పినా గదా!" అని అరిచాను. కంచె దగ్గర ఎవరూ లేరు. లేచి నిలబడ్డాను. అప్పుడు వినపడింది.

టంగ్... టంగ్...

ఆగింది.

టంగ్.

ఇనుప బకెట్ మీద చేత్తో కొట్టినట్టు. గుర్రాల చెవులన్నీ ఒక్కసారి నిక్కబొడుచుకున్నాయి. అన్నీ ఒకే వైపు తలలు తిప్పాయి... దాణా గది వైపు.

ఎవరో దొంగ తాళం తీశాడనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. టార్చి, లాఠీ పట్టుకుని వెళ్ళాను. తాళం ఉంది. గుడ్డ ఉంది. లక్క మీద మా స్టేషను ముద్ర చెక్కుచెదరలేదు. గది చుట్టూ తిరిగాను. కిటికీ లేదు, సందు లేదు. మళ్ళీ తలుపు ముందుకొచ్చి అరచెయ్యి ఆనించాను.

టంగ్... టంగ్...

తలుపు చెక్క నా చేతి కింద అదిరింది.

టంగ్.

చెయ్యి వెనక్కి తీసుకోవాలని ఉంది, రావడం లేదు. అంతలో చీకట్లో కాళ్ళ చప్పుడు. ఎవరో పరిగెత్తుకొస్తున్నారు... కంచె అవతల గుడిసె వైపు నుంచి... ఈరమ్మ! జుట్టు విరబోసుకుని, చెప్పులు లేకుండా.

"పద్మమ్మా! మస్తానన్న వచ్చినాడా?"

"ఎందుకు?"

"ఆ చప్పుడు ఆయప్పదే. దాణా పెట్టేటప్పుడు బకెట్ అట్లే కొడతాండె. రెండు దెబ్బలు, కొంచెం ఆగి ఇంగొగటి. దినామూ మా గుడిసెలోకి ఇనపడతాండె. యాడుండాడు?"

నేను తలుపు వైపు చూపించాను. సీలు చూసి ఈరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇద్దరం చేతులు పట్టుకున్నాం.

వెనకాల సరసరమని చప్పుడు. తిరిగి చూశాను.

బంగారి ముందుకాళ్ళు చాపింది. లేవబోయి పడిపోయింది. మళ్ళీ బకెట్ మోగింది. మళ్ళీ చాపింది. మెడ నరాలు ఉబ్బాయి. మూలిగింది. ఈరమ్మ "లేయే నా తల్లీ, లేయే నా బంగారీ" అని గొణుగుతోంది. ఒక మోకాలు... ఇంకో మోకాలు... వెనక కాళ్ళు గడగడ వణికాయి...

నిలబడింది.

నేను భోరున ఏడ్చేశాను, దాచేదేముంది. కానీ ఆ ఏడుపులోనే ఒక భయం పట్టుకుంది. ఇది తిండి పెట్టే చప్పుడు. చప్పుడు తర్వాత వచ్చేది దాణా. లోపల ఉన్నది ఎవరైనా కానీ, ఇప్పుడు ఉలవలు తెచ్చి పెడితే లేచిన బంగారి చస్తుంది. మనిషైతే లాఠీతో ఆపుతాను. మనిషి కాకపోతే... ఏం చెయ్యాలి?

తలుపు దగ్గరికి పోయాను. ధైర్యం ఉండి కాదు. ఇంకెవరున్నారు పోవడానికి?

"తాతా," అన్నాను. వినపడిందో లేదో. మళ్ళీ అన్నాను. "తాతా... గింజలు పెట్టద్దు. వాటి కడుపు మాడిపోయుండాది. ఇప్పుడు పెడితే సచ్చిపోతాయి. పెట్టద్దు తాతా."

చప్పుడు ఆగిపోయింది.

ఎంతసేపు ఆగిందో చెప్పలేను. వాసన కూడా పోయింది. లోపల ఎవరో నా మాట విని ఆలోచిస్తున్నట్టు అనిపించింది. బంగారి కాళ్ళు మళ్ళీ మడత పడబోయాయి.

టంగ్... టంగ్...

ఈసారి మెల్లగా. ఖాళీ బకెట్ మోగినట్టు.

టంగ్.

బంగారి మళ్ళీ నిటారుగా నిలబడింది. ఆ రాత్రంతా అంతే. దాని కాళ్ళు వంగినప్పుడల్లా ఆ చప్పుడు. తలుపు తెరుచుకోలేదు, గింజ ఒక్కటి రాలేదు. తిండి పెట్టలేదు, తిండి వస్తుందన్న ఆశ ఒక్కటే పెట్టారు. నేను, ఈరమ్మ చెరో పక్క నిలబడి దాన్ని ఆనించుకున్నాం, తడి గడ్డి పోచలు నోటికి అందించాం. ఒకసారి గాలి వీచింది. గాలిమరలు కదిలాయి... వుష్... వుష్... ఆ తర్వాత బకెట్ మోగలేదు. తూర్పున తెల్లబడుతోంది.

పొద్దున ఎస్సై సారు, డాక్టరమ్మ వచ్చారు. డాక్టరమ్మ బంగారిని చూసి అట్లాగే నిలబడిపోయింది. నేను జరిగింది చెప్పాను. సారు సీలు పగలగొట్టి తలుపు తీశారు. బకెట్ కొయ్యకు అలాగే వేలాడుతోంది. దాని అంచు నుంచి గోడ దాకా సాలెగూడు... ఒక్క పోగు తెగలేదు.

"గాలికి రేకులు మోగింటాయి," అన్నారు సారు.

"గాలి లేదు సార్. మరలే తిరగల్లేదు."

"మరి వాసన? నువ్వే గదమ్మా గుగ్గిళ్ళు తిన్నావు. నీ చేతులు వాసనొచ్చింటాయి." అయ్యుండొచ్చు, కాదనలేను. "రెండ్రోజులు సెలవు తీసుకో," అన్నారు. ఇచ్చే సెలవు వదులుకునేంత పిచ్చి నాకు పట్టలేదు కాబట్టి తీసుకున్నాను.

ఆ సెలవులోనే కణేకల్ పోయాను. అడుగుతూ అడుగుతూ మస్తాన్ తాత చెల్లెలి ఇల్లు పట్టుకున్నాను. సెలవైనా ఖాకీలోనే పోయాను, అది చూసి ఆమె కంగారుపడింది. తాత ఉన్నాడా అని అడిగితే, నన్ను విచిత్రంగా చూసింది.

"ఈడ యాడుండాడమ్మా? గుర్రాలను ఒగసారి చూసొస్తానని ఎప్పుడో పోయినాడు. మీ తావనే ఉండాడనుకోని మేం నిబ్బరంగా ఉండామే!"

స్టేషన్లో రాయించాం, వెతికించాం. ఇప్పటిదాకా జాడ లేదు. ఫారానికి పోయే దారిలో ఏమైనా అయిందా, ఏ దర్గాలోనైనా కూర్చుని ఉన్నాడా, ఎవరికీ తెలియదు. ఆ రాత్రి బతికున్న మనిషే వచ్చి, ఎక్కడో నిలబడి కొట్టి పోయాడా? మరి నా చేతి కింద తలుపు ఎందుకు అదిరింది? నన్నడక్కండి. నాకు తెలియదు.

బంగారి ఇప్పుడు అనంతపురం దగ్గర, ముసలి పశువుల్ని సాకేవాళ్ళ దగ్గరుంది. ఒళ్ళు చేసింది. మొన్న గింజ పెట్టొచ్చని డాక్టరమ్మ చెప్పగానే, ఈరమ్మ గుగ్గిళ్ళు ఉడకబెట్టి క్యారియర్లో పెట్టిచ్చింది, "ఈసారి నువ్వు మెక్కద్దు" అని మరీ. అక్కడి బకెట్లో పోసి నేను కూడా కొట్టాను. టంగ్, టంగ్... ఆగి... టంగ్. మిగతా గుర్రాలన్నీ పరిగెత్తుకొచ్చాయి. బంగారి రాలేదు. చెవులు నిక్కించి, నా వెనక బయలు వైపు చూస్తూ నిలబడింది. చాలాసేపు చూసింది. ఆ తర్వాత, ఎవరో పొమ్మన్నట్టు, మెల్లగా నా దగ్గరికి నడిచొచ్చి నా చేతిలో మూతి పెట్టింది.

నేను వెనక్కి తిరగలేదు. ఆ దిక్కుకి వీపు పెట్టే, మాట మాత్రం గట్టిగా అన్నాను.

"పెడతాండాము తాతా. ఇప్పుడు పెట్టచ్చంట."