మేస్త్రి వంక పెట్టని కూర

బస్సు డిపో క్యాంటీన్‌లో వంటచేసే ఆవిడను డ్రైవర్ల దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరూ క్యాంటీనక్క అనే పిలుస్తారు. ఆవిడ కూరను చెంచాతో రుచి చూసే రకం కాదు. మూత తీసి, ఆవిరి మీదికి ముక్కు వంచి, "ఇంకాస్త ఉప్పు పడాలి" అనేస్తుంది. అదెలా తెలుస్తుందని అడిగితే, "ఇంజను చప్పుడు వినగానే మీకెలా తెలుస్తుందో నాకూ అలాగే" అని నవ్వేస్తుంది.

ఇంతలో ఆ మాయదారి జ్వరం ఊరూరూ తిరుగుతూ డిపోకీ వచ్చింది. సగంమంది మంచాలెక్కారు. క్యాంటీనక్కా ఎక్కింది. భర్త గుమ్మం దగ్గర కంచం పెట్టి తప్పుకునేవాడు. ఏ ముద్దా రుచిగా లేకపోతే అది ఆయన వంట తప్పే అనుకుంది ఆవిడ. ఆ మాట పైకి అనలేదు కూడా, పాపం ఆ మాత్రమైనా వండి పెడుతున్నాడు కదా అని!

జ్వరం పూర్తిగా తగ్గి, డిపో నర్సమ్మ సరేనన్నాక మళ్లీ పనిలోకి వచ్చింది. మూతికి గుడ్డ కట్టుకుని పొయ్యి వెలిగించింది. పక్కన ఎవరూ లేరు కదా అని గుడ్డ కిందికి లాగి, ఉడుకుతున్న కూర మీది మూత తీసి ముక్కు వంచింది. ఆవిరి మొహానికి వెచ్చగా తగిలింది, అంతే. గోడను వాసన చూసినట్టుంది! చెంచాడు నోట్లో వేసుకుంది. వేడిగా ఉందని తెలిసింది, తడిగా ఉందని తెలిసింది. ఇక దేని జాడా లేదు. ఉల్లిపాయ ఒకటి ఒలిచి పచ్చిదే కొరికితే, చెక్కముక్క నమిలినట్టు కసకసలాడింది.

మేనేజరుగారు అప్పటికే బయటినుంచి అన్నం పొట్లాలు తెప్పిద్దామా అని ఆలోచిస్తున్నారు. వంటావిడకే రుచి తెలియడం లేదంటే ఇంకేముంది, రేపటినుంచి పొయ్యి మూతే. అందుకని నోరు కుట్టేసుకుంది. చేతి అలవాటు కొద్దీ ఉప్పు వేసింది. కంగారులో వేశానో లేదోనని మళ్లీ వేసింది. వడ్డన మొదలయ్యాక డబ్బా చూసుకుంటే, ఉప్పు ఎక్కడికో దిగిపోయి ఉంది!

ఇక చూడండి ఆవిడ అవస్థ. గరిటె పట్టుకుని ఒక్కొక్కరి మొహమే చూస్తోంది. ఒక డ్రైవరు మాట్లాడకుండా తిన్నాడు. ఇంకొకడు మారు వడ్డించుకున్నాడు. ఒక కండక్టరమ్మ అయితే, "నీ చేతివంట తిని ఎన్నాళ్లయిందక్కా!" అంది.

అప్పుడొచ్చాడు వంకల మేస్త్రి. ఇంజన్లు బాగుచేసే పెద్దాయన, ఆ జ్వరం ఇంకా సోకనివాడు. కుర్చీకి వంక, గ్లాసుకి వంక, ఎండకి వంక. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని కుళాయి దగ్గరికి పరుగెత్తాడు.

"ఏమ్మా, ఇవాళ సముద్రాన్ని వండావా?"

"బాగానే ఉందిగా మేస్త్రీ!" అన్నాడు మారు వడ్డించుకున్న డ్రైవరు.

"ఒరేయ్, మీ నాలుకలు ఎక్కడైనా తాకట్టు పెట్టొచ్చారా?"

అందరూ గొల్లుమన్నారు. క్యాంటీనక్క మాత్రం నవ్వలేదు. మేస్త్రి మాట నిజమని ఆవిడ ఒక్కదానికే తెలుసు. మరి మిగతావాళ్లకి ఏమైనట్టు? కండక్టరమ్మను పక్కకి పిలిచింది.

"నిజం చెప్పవే, ఉప్పెలా ఉంది?"

"నాకేం తెలుస్తుందక్కా! జ్వరం వచ్చిన దగ్గర్నుంచీ అన్నీ గడ్డి తిన్నట్టే ఉన్నాయి. నిన్ను బాధపెట్టడం ఎందుకని అలా అన్నాను."

మారు వడ్డించుకున్న డ్రైవరు మాత్రం, "నాకేం, శుభ్రంగా తెలుస్తోంది" అని రొమ్ము విరిచాడు. క్యాంటీనక్క కళ్లు మూసుకోమని, కోసిన ఉల్లిపాయ అతని ముక్కు దగ్గర పెట్టింది.

"పెట్టక్కా, ఎంతసేపు?"

"పెట్టి చాలాసేపయింది నాయనా!"

గోల విని నర్సమ్మ వచ్చింది. "ఈ జ్వరంలో రుచీ వాసనా పోవడం మామూలేనమ్మా. అడిగితే కొందరే చెబుతారు, పరీక్ష చేస్తే ఇంకా చాలామంది బయటపడతారు. పోయిన సంగతి వాళ్లకే తెలియదు మరి! ఎక్కువమందికి కొన్ని వారాల్లో తిరిగొస్తుంది, కొందరికి ఆలస్యమవుతుంది" అంది.

ఆమె వెనకే మేనేజరుగారు. ఇక దాచి లాభంలేదని క్యాంటీనక్క చెప్పేసింది. "సార్, నాకూ తెలియడం లేదు."

"అయితే పొట్లాలే తెప్పిద్దామంటావా?"

"పొట్లాలా? బాగాలేకపోతే అప్పుడు నేనెవర్ని తిట్టాలి?" అని మేస్త్రి అడ్డుపడ్డాడు. "ఆవిడ వండుతుంది, నేను రుచి చూస్తాను."

"సరే, చూద్దాం. కానీ ఇలాంటి కూర ఇంకోసారి బల్లమీదికొస్తే పొట్లాలే" అని వెళ్లిపోయారు మేనేజరుగారు.

ఆనాటినుంచి వడ్డనకి ముందు మేస్త్రి కిటికీ అవతల నిలబడేవాడు, ఆవిడ చిన్న గిన్నె అందించేది. "ఉప్పు చాల్లేదు. కారం గొంతు పట్టుకుంది. ఇది కూరా, గ్రీజా?" ఆ తిట్లు వింటుంటే ఆవిడకి ప్రాణం లేచొచ్చేది.

ఒకరోజు మేస్త్రి గిన్నె ఖాళీ చేసి, "బాగుందమ్మా" అన్నాడు.

డిపోలో చేరిన దగ్గర్నుంచీ ఆ నోట రాని మాట! ఆవిడ మొహం వెలిగిపోయింది. మరుక్షణమే అనుమానం వచ్చింది.

"ఏం బాగుంది బాబాయ్?"

"అంతా బాగుంది."

"ఏదో ఒక వంక పెట్టండి మరి."

మేస్త్రి గిన్నెలోకి చూశాడు, ఆకాశంలోకి చూశాడు. "రంగు... కాస్త ఎర్రగా ఉందేమో."

"రంగు నాకూ కనిపిస్తోంది! పదండి, ముందు నర్సమ్మ దగ్గరికి వెళ్లండి. ఎవరికీ దగ్గరగా నిలబడకండి."

ఆయన గొణుక్కుంటూ వెళ్లాడు. రుచి పోవడం ఆయనకి పట్టుకున్న జ్వరానికి మొదటి లక్షణమేనని సాయంత్రానికి తేలింది, అది వేరే సంగతి. ఇప్పుడు మాత్రం భోజనాల వేళ దగ్గరపడింది. కూరలో ఏముందో, ఏం లేదో చెప్పే నాలుక లేదు. మేనేజరుగారు వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నారు. క్యాంటీనక్క తలుపు తీసి, బయట ఎడంగా నిలబడ్డ వరసను చూసి కేకేసింది.

"మీలో ఎవరికైనా రుచి తిరిగొచ్చిందా?"

వరసలోంచి కండక్టరమ్మ చెయ్యి ఎత్తింది.

"నిన్న బస్సెక్కుతుంటే డీజిల్ వాసన కొట్టిందక్కా. ఆ కంపుకి సంతోషం పట్టలేక ఏడ్చేశాను!"

"కంపు సంగతి తర్వాత, ముందు ఇది చూడు."

కండక్టరమ్మ చెంచాడు నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, నాలుకతో అటూ ఇటూ తిప్పింది. వరసంతా ఆమె నోటివైపే చూస్తోంది.

"అక్కా, ఇందులో నువ్వు ఉప్పు వెయ్యనే లేదు!"

"అమ్మయ్య!" అంటూ క్యాంటీనక్క లోపలికి పరుగెత్తింది. కాస్త వేసి కలపడం, కొత్త చెంచాతో కిటికీలోంచి అందించడం, మళ్లీ కాస్త వెయ్యడం. "చాలక్కా, ఇక ఆపు" అని కండక్టరమ్మ అన్నాకే వడ్డన గంట కొట్టింది.