సైదులు దాచుకున్న మడుగు

సముద్రం అడుగును శబ్దంతో కొలిచే యంత్రాన్ని మిర్యాలగూడ అవతల కృష్ణలో పరీక్షిస్తానని నా స్నేహితురాలు సునీత ఫోన్ చేస్తే నేను నమ్మలేదు. విశాఖలో సముద్రం ఎండిపోయిందా ఏమిటి? నౌకాదళం కోసం సర్వేలు చేసే కంపెనీలో ఆమె ఉద్యోగం. కొత్త పెట్టెను హైదరాబాద్ ఆఫీసుకు తీసుకెళ్తూ, దారిలో అలలు లేని నీటిలో ఒకసారి చూడాలట. “ఇంకేమీ అడక్కు” అంది. అడక్కు అంటే నాకు నిద్ర పట్టదు. అందుకే బయలుదేరాను.

సూర్యాపేటలో పొద్దున్నే బస్సెక్కితే గంటకు కోదాడ. ఆడవాళ్ళు ఆధార్ కార్డు మరచిపోకండి, జీరో టికెట్ ఇస్తారు. బస్టాండు ఎదుట ఇడ్లీ తినేసరికి విజయవాడ మీదుగా సునీత వచ్చింది. హుజూర్‌నగర్ దారిలో మిర్యాలగూడకు పోవడానికి రోజు కిరాయికి కారు మాట్లాడుకున్నాం. డ్రైవర్ చూపు రోడ్డు మీద కంటే అద్దంలో మా పెట్టె మీదే ఎక్కువగా ఉంది.

“అందులో ఏముందండీ?”

“లోతు కొలిచే మెషీను,” అంది సునీత.

“గుప్తనిధులదైతే ముందే చెప్పండి మేడం. నాకు కేసులంటే భయం.”

నేను నవ్వాను. సునీత నవ్వలేదు. అది నాకు నచ్చలేదు.

మిర్యాలగూడ దాటేదాకా రైస్ మిల్లులు, దామరచర్ల వైపు తిరిగాక లారీలు, దుమ్ము. కిటికీలు మూసుకోండి. ఎండ ముదిరేలోపు ఒక రేవు చేరాం. చేపలు పట్టే సైదులు తన పడవ ఇస్తానని ముందే ఒప్పుకున్నాడు. తీరా పెట్టెను చూడగానే చేతులు కట్టుకున్నాడు. సునీత అనుమతి కాగితం తీసింది.

“కాయితం ఇసుకోళ్ళ కాడ గూడ ఉండె మేడం. గిట్లనే కొలుస్తమని వచ్చిన్రు, ఎనక మిషన్లు దించిన్రు. చేపలు గుడ్లు పెట్టే మడుగులు రెండుండె. ఒకటి ఖతమైంది. ఇగ ఉన్నదొక్కటే, మా ఇండ్లన్ని దాని మీదనే బతుకుతయ్.”

చాలాసేపు బతిమాలితే ఎక్కించుకున్నాడు. సునీత పెట్టెను కడ్డీకి కట్టి నీళ్ళలోకి దించింది. అది పంపిన శబ్దం అడుగుకు తగిలి తిరిగొస్తే ఆమె లాప్‌టాప్ తెర మీద బొమ్మ పడుతుంది: బండ తెల్లగా, బురద నల్లగా. పొలం దున్నినట్టు పడవ అటూ ఇటూ చాళ్ళు వేసింది. కాసేపటికి తెర మధ్యలో ఒక ఖాళీ తేలింది. అక్కడికి రాగానే ప్రతిసారీ సైదులు పడవ తిప్పేస్తున్నాడు.

“గటు పోనియ్యవేందన్నా?” అన్నాను.

“రాళ్ళుంటయక్కా. పడవ పలుగుతది.”

రాళ్ళున్నాయో లేవో చెప్పే యంత్రాన్ని పక్కన పెట్టుకుని ఆ మాట అన్నాడు. ఖాళీ చుట్టూ అంతా నల్లగానే ఉంది. సునీత పక్క చాలుకు పోనిమ్మంది.

ఒడ్డుకొచ్చాక అతనే అడిగాడు, “ఇంతకు ఇది నిజంగ దేనికి?” అప్పటికి సునీత నోరు విప్పింది. సముద్రం అడుగు తెలిస్తే జలాంతర్గామి ఎక్కడ దాక్కోగలదో తెలుస్తుందట. అందుకే ఆ పటాలు ఎవరికీ చూపరట.

“మీ సముద్రం మీరు దాసుకుంటరు,” అన్నాడు సైదులు. “మా మడుగు నేను దాసుకుంటే తప్పా?”

యంత్రం పనిచేస్తోందని తేలింది, అది చాలని సునీత అతని ముందే బొమ్మ చెరిపేసింది. అతను నా వైపు తిరిగాడు.

“నీ ఫోన్ల, అక్కా?”

నిజమే, ఈ బ్లాగు కోసం తెరను ఫొటో తీసుకున్నాను. తీసేశాను. తీసేసినవి చేరే చోటు కూడా తెరిచి చూపించమన్నాడు. అక్కడా తీసేశాకే మాకు మంచినీళ్ళిచ్చాడు.

ఆ రోజంతా నేను సునీతను అనుమానించాను, డ్రైవర్ మా ఇద్దరినీ, సైదులు అందరినీ. మాలో దెబ్బ తిన్నవాడు సైదులొక్కడే. ఇది రాస్తుంటే, చదివేవాళ్ళలో ఇసుక లారీలున్నవాళ్ళు ఎందరోనని ఇప్పుడు నాకూ భయం పట్టుకుంది. కాబట్టి ఒక్క సలహా: భోజనం మిర్యాలగూడలోనే చేసి దామరచర్ల దాకా నేను చెప్పిన దారిలో వెళ్ళండి. అక్కడి నుంచి ఎటో అడక్కండి. పేరు చెప్పి వాకబు చేద్దామంటారా, ఈ ఏటి పొడవునా ఏ రేవులో సైదులూ అని పిలిచినా ఒకరు పలుకుతారు. మా పడవ నడిపినవాడి పేరు అది కాదు.