ఒంటిగంట భోజనం

ప్రవళికది ఆలూరు. ఎంబీఏ చదివి, ముడిమ్యాల దగ్గర క్యారెట్లు కడిగి, ఏరి, ప్యాక్ చేసే కంపెనీలో హెచ్‌ఆర్‌గా చేరి మూడేళ్లయింది. హెచ్‌ఆర్ అంటే ఏమిటో ఆమె తల్లికి ఇప్పటికీ తెలియదు. "సెలవు చీటీలు రాస్తది" అని చుట్టాలకు చెబుతుంది. నిజానికి ఎక్కువగా రాసినవి అవే. మధ్యాహ్నం తన గదిలో కంప్యూటర్ ముందు కూర్చొని ఒక్కతే అన్నం డబ్బా ఖాళీ చేసేది.

క్యారెట్లను సైజుల వారీగా వేరుచేసే కొత్త మిషన్ వచ్చాకే ఆమెకు అసలు పని పడింది. శనివారంలోగా మిషన్ నేర్చుకోనివాళ్లను తీసేస్తామని మేనేజర్ క్రాంతి కుమార్ తేల్చి చెప్పాడు. అందరూ నేర్చుకున్నారు, బాలనర్సమ్మ తప్ప. పద్దెనిమిదేళ్లుగా చేత్తో క్యారెట్లు ఏరుతున్న మనిషి.

"వయసైంది మేడం, స్క్రీన్ చూస్తే భయం" అన్నాడాయన. ప్రవళిక కూడా అదే నమ్మి, స్క్రీన్ మీద బొమ్మలు పెద్దవి చేయించింది. అయినా ముసలమ్మ అటువైపు తొంగి చూడలేదు. నాలుగు మీటింగులు పెడితే మనుషులు మారిపోతారని రాసిన తన ఎంబీఏ పుస్తకాల మీద ప్రవళికకు ఒళ్లు మండింది.

శుక్రవారం వెళ్లి బాలనర్సమ్మ పక్కనే గోనెపట్టా మీద కూలబడింది.

"అవ్వా, మిషనంటే భయమా?"

"భయమెందుకు బిడ్డా, ఇంట్ల గ్యాస్ పొయ్యి నేనే బాగుజేసుకుంట. గా మిషన్ ఆగదట గద, ఒక్కొక్కలం పోయి తినిరావాల్నట. మా ఆయన పోయినంక రాత్రి ఒక్కదాన్నే తింటున్న. గీడ పగటిపూటన్న నలుగురితోని తింట. గది గూడ పోతే ముద్ద దిగదు."

ప్రవళిక మనసు చివుక్కుమంది. కొత్త మిషన్ డ్యూటీ చార్టులో భోజనం వేళను ముక్కలు చేసింది తనే.

నేరుగా మేనేజర్ దగ్గరికి వెళ్లింది. "సార్, రోజూ సాయంత్రం అరగంట మిషన్ ఆపి కడిగిస్తున్నం. కడిగేటోళ్లు ఎట్లయినా వేరే. గా అరగంటను ఒంటిగంటకు మారుద్దాం. అందరు ఒక్కసారే కూసొని తింటరు."

ఆయన కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు.

సంగతి తెలిసి శనివారం పొద్దున్నే బాలనర్సమ్మ మిషన్ ముందు నిలబడింది. పన్నెండు కాకముందే పని పట్టుబడింది. ఒంటిగంటకు ఎర్ర బటన్ నొక్కి మిషన్ తనే ఆపింది. ఆడవాళ్లంతా గుండ్రంగా కూర్చున్నారు. తన గది అద్దంలోంచి అది చూసి, ప్రవళిక తృప్తిగా కంప్యూటర్ ముందు డబ్బా తెరిచింది.

తలుపు దగ్గర బాలనర్సమ్మ.

"మమ్ములందరిని ఒక్క దగ్గర కూసోవెట్టి, నువ్వొక్కదానివే గీడ తింటున్నవా? పా బిడ్డా, నీకు జాగ ఉంచిన."

ఆ రోజు తను తెచ్చుకున్న వంకాయ కూర అందరూ పంచుకోగా ప్రవళికకు దక్కింది ఒక్క ముక్కే. మూడేళ్లలో ఆమె అంత కడుపునిండా తిన్నది ఎప్పుడూ లేదు.