పన్నెండో మంచం

మా ఆసుపత్రి పెద్ద నర్సమ్మ మొన్న మధ్యాహ్నం కన్నుమూసింది. ఆవిడ కూతురికి ఫోన్ చేసి చెప్పాల్సింది నేనే. డాక్టరుగా ఆ మాట ఎన్ని ఇళ్లకు చెప్పానో, ఈసారి మాత్రం నంబరు రెండుసార్లు తప్పు నొక్కాను.

శ్రీకాకుళంలో మాది చిన్న నర్సింగ్‌హోమ్. కట్టింది నేనే కానీ నడిపింది ఆవిడ. దుప్పటి అంచు పరుపు కిందికి మడవడం రాని నర్సును సూది ముట్టనిచ్చేది కాదు. నన్నూ వదిలేది కాదు. "ఏటి బాబూ, సేతులు కడిగినావా?" అని అందరి ముందే అడిగేది. నాకు ఒళ్లు మండేది.

కొన్నేళ్ల కిందట ప్రైవేటు ఆసుపత్రుల మీద మంచానికింత అని ప్రభుత్వం రుసుము వేసింది. పేదల హెల్త్‌కార్డు వైద్యం ఆ డబ్బుతోనే నడుస్తుందన్నారు. మాలాంటి చిన్నవాళ్ల నెత్తిన ఇదేం బాదుడని నేను రుసరుసలాడాను. మంచాలు లెక్కపెట్టేవాళ్లు వస్తున్నారని తెలియగానే, కొన్నిటిని మేడ మీదికి చేర్చమన్నాను. ఖాళీవి ఎక్కించేశారు. నేను చెప్పినవాటిలో పన్నెండోది మాత్రం మిగిలింది. దాని మీద కళింగపట్నం నుంచి వచ్చిన చేపలమ్మే మనిషి ఉంది. ముందురోజే కడుపు ఆపరేషన్ అయింది, కుట్లింకా పచ్చిగా ఉన్నాయి.

"కింద చాప వేసి దింపండి, పది నిమిషాలేగా," అన్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

గేటు దగ్గర జీపు ఆగింది. నర్సమ్మ వెళ్లి ఆ మంచం మీద కూర్చుంది.

"దింపను."

"నర్సమ్మా, వాళ్లు మెట్లెక్కుతున్నారు!"

"ఎక్కనీ. ఈయమ్మ కార్డు మీద కోయించుకున్నాది. ఆ కార్డుకి డబ్బులు ఈ మంచమే ఇస్తాది. మనిషిని నేల మీదేసి మంచాన్ని దాసేస్తే, రేపు ఏ మొకం పెట్టుకుని కట్టు ఇప్పుతావు బాబూ?"

"నాను దిగిపోతానమ్మా, డాక్టరుబాబుకి మాటొస్తాది," అంటూ పేషెంటు లేవబోయి మూలిగింది. నేనే వెళ్లి భుజాలు పట్టుకుని వెనక్కి పడుకోబెట్టాను. వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి మంచాలెన్నని అడిగారు. నర్సమ్మ నా వైపు చూసింది.

"మేడ మీద కూడా ఉన్నాయి, రాసుకోండి," అన్నాను.

మర్నాడు చూస్తే నర్సమ్మ ప్రతి మంచం తలవైపూ ఎర్ర రంగుతో అంకె వేస్తూ కనిపించింది. ఎందుకమ్మా అంటే, "మల్లీ మరిసిపోతావని," అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కిందటి వారం ఆవిడే జబ్బుపడి, హెల్త్‌కార్డు పట్టుకుని పేషెంటుగా వచ్చి చేరింది. విడిగా గది ఇస్తానంటే వద్దని పన్నెండో మంచమే అడిగింది. పడుకోగానే, "నన్ను లెక్కలో రాసినావా?" అంది.

"రాశానమ్మా."

నిన్న ఆ మంచానికి దుప్పటి నేనే వేశాను. అంచు కుదరక తీసి మళ్లీ మడుస్తుంటే, తలవైపు ఇనుప ఊచ మీద ఎర్రటి పన్నెండు, కాస్త వంకరగా, ఆవిడ చేతిరాతలోనే ఉంది.